మూసిన ఆటలో మిగిలినవారు

పిల్లలూ, ఆట మూసివేసిన తరువాత కూడా ఆడినవారిని గురించి విన్నారా?

"హేలో 2" అనే వీడియో గేమ్ 2004లో వచ్చింది. ఎక్కడెక్కడి వాళ్ళో ఎక్స్‌బాక్స్ యంత్రాలతో, ఇంటర్నెట్ ద్వారా దాన్ని కలిసి ఆడేవారు. వాళ్ళను కలిపేవి మైక్రోసాఫ్ట్ సంస్థవారి సర్వర్లు, అంటే ఎప్పుడూ నడుస్తూ ఉండే కంప్యూటర్లు. 2010 ఏప్రిల్ 15న సంస్థ ఆ ఏర్పాటును ఆపివేసింది.

అయితే, అప్పటికే ఆటలో ఉన్న కొద్దిమంది తమ యంత్రాలను ఆపనే లేదు. ఆపితే మళ్ళీ ప్రవేశం లేదు గదా! కనెక్షన్ తెగి ఒక్కొక్కరే జారిపోగా, చివరి ఆటగాడు మే నెల దాకా నిలిచాడు.

కొన్న డిస్కు అందరి దగ్గరా ఉన్నది, ఒంటరిగా ఆడుకోవచ్చు. ఏళ్ళ తరబడి స్నేహితులను కలుసుకున్న చోటు మాత్రం పోయింది. దాని తాళంచెవి ఆడేవారి చేతిలో లేదు మరి!