క్యాబిన్‌లో కేకలొద్దు!

గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో నేల టికెట్టు కొని సినిమాలు చూసిన పెద్దవాళ్లని అడగండి. బొమ్మ కాస్త మసకబారిందా... హాలంతా ఈలలు, 'ఫోకస్' అంటూ కేకలు! అవన్నీ వెళ్లి తగిలేది వెనకాల క్యాబిన్‌లో చెమటలు కక్కుతున్న ఆపరేటరుకి. అతగాడు ఆ కోపం ఎవరి మీద తీర్చుకునేవాడు? పక్కన పని నేర్చుకుంటున్న కుర్రాడి మీద!

ఆ పని ఆషామాషీ కాదండోయ్. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది. రీలు చివర్లో తెర కుడివైపు పైమూల ఒక చుక్క మెరుస్తుంది. వెంటనే రెండో ప్రొజెక్టరు మోటారు వెయ్యాలి. సుమారు 7 సెకన్లకు ఇంకో చుక్క. బొమ్మ ఈ మిషను నుంచి ఆ మిషనుకు మారిపోవాలి. చుక్క కనపడేది సెకనులో ఆరో వంతు మాత్రమే! సరిగ్గా అప్పుడే "గుడ్డోడివారా?" అని అరిస్తే కుర్రాడు తెర వదిలేసి గురువుగారి మొహం చూస్తాడు. రెండో చుక్క కూడా పోతుంది. ఇక తెల్లతెర, మళ్లీ ఈలలు!

అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. తిట్లకు జడిసిన కుర్రాడు తప్పు దాస్తాడు. రీలు అంచు రంధ్రాలు చిరిగాయని చూసి కూడా నోరు విప్పడు. సెకండ్ షోలో ఫిల్ము పుటుక్కున తెగుతుంది.

మరి చెప్పేదెలా? రీలు మారనివ్వండి, మిషను కుదురుకోనివ్వండి. అప్పుడు మెల్లగా: "తమ్మీ, చుక్క వచ్చినప్పుడు నువ్వు కార్బన్ దిక్కు చూస్తున్నవ్. వచ్చే రీలుకు కార్బన్ నేను చూస్త, నువ్వు తెర చూడు." తిట్టు లేదు, తప్పు మాత్రం దొరికింది.

అతుకు దగ్గరే అసలు పనితనమంటే గద్వాల చీర గుర్తొస్తుంది. నడిమి భాగం నూలు, అంచు పట్టు. రెంటినీ మగ్గం మీదే పోగు పోగున ముడేస్తూ నేస్తారు. పోగు తప్పిందని అప్పుడే చెబితే నాలుగు వరసలు విప్పితే సరి. భయపడి ఊరుకుంటే జానెడు నేత విప్పాలి!

ఇప్పుడు రీళ్లు పోయాయి, డిజిటల్ వచ్చింది. ఆ మూడు ఊళ్లూ 2016లో జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులు పెరిగాయి, కొత్తగా కొలువులో చేరే కుర్రకారూ పెరిగింది. నలుగురి ముందూ ఫైలు విసిరే ఆఫీసరు మాత్రం అలాగే ఉన్నాడు. (ఏ సినిమాలో విలన్ని చూసి నేర్చుకున్నాడో!) ఆయన బిల్లులో ఒక సున్నా తక్కువైందని కింది గుమాస్తాకి తెలుసు. చెప్పడు.

క్యాబిన్‌లో మెల్లగా మాట్లాడిన ఆపరేటరుకి మాత్రం ఓ రోజు మ్యాట్నీకి ముందే వినపడుతుంది: "అన్నా, ఆగు. ఈ రీలు అంచు చినిగింది. ఎక్కియ్యకు!"