నీడలోనే నీలమయ్యే ఆకు

మలేసియాలోని కామెరాన్ హైలాండ్స్ కొండల మీద, మబ్బు దిగి వచ్చే అడవుల్లో పట్టపగలు కూడా నేల మసకగానే ఉంటుంది. పైకొమ్మలన్నీ తాగెయ్యగా కిందికి చేరే వెలుగు నూటికి ఒకటో రెండో వంతులు. ఆ కాస్త వెలుగుతోనే బతికే చిన్న మొక్క బెగోనియా పావోనినా. ఒకవైపు నుంచి చూస్తే మామూలు ముదురాకుపచ్చ ఆకు. వెలుగు మన వీపు వెనక నుంచి పడేలా కాస్త పక్కకు జరిగితే, అదే ఆకు నిగనిగలాడే నీలంగా మారిపోతుంది.

ఆ ఆకును ఎంత నలిపినా నీలిరసం చుక్క రాదు. నెమలి పింఛంలో లాగే ఇక్కడా నీలిరంగు పదార్థం లేదు, ఉన్నదంతా పొరల అమరికే. ఆకు పైపొర కణాల్లో ఇరిడోప్లాస్టులనే ప్రత్యేక హరితరేణువులుంటాయి. వాటిలోని పలచని పొరలు 200 నానోమీటర్లకు లోపు ఎడంతో, కొలిచి పేర్చినట్టు వరుసగా ఉంటాయి. వాటికి తగిలిన నీలికాంతి వెనక్కి మళ్లుతుంది. ఆకుపచ్చ, ఎరుపు కాంతులు మాత్రం ఆ పొరల మధ్య నెమ్మదించి, ఎక్కువగా లోపలికి ఇంకుతాయి. పెద్దచెట్లు నీలాన్ని ముందే వాడేసుకుంటాయి కాబట్టి, ఈ మొక్క వదులుకునేది తనకు ఎలాగూ అంతగా అందని కాంతినే. మసక వెలుగులో ఈ ఏర్పాటు వల్ల కిరణజన్య సంయోగక్రియ సామర్థ్యం 5 నుంచి 10 శాతం పెరుగుతుందని 2016లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, సహచరులతో కలిసి తేల్చారు.

మలేసియా అడవుల్లో నీలంగా మెరిసేది ఇదొక్కటే కాదు. సెలాజినెల్లా విల్డెనోవియై అనే మొక్క కూడా అలాగే మెరుస్తుంది. అయితే దాని ఆకులు పొలుసుల్లా చిట్టివి, అది పూలే పూయదు. బెగోనియాను పట్టించేది ఆకు మొదలు: ఈనెకు ఒక పక్క పెద్దగా, రెండో పక్క చిన్నగా, వంకరగా ఉంటుంది. మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. ఆడపువ్వు వెనక రెక్కల కాయ కనిపిస్తుంది.

మన ఎండలకు ఇది ఆరుబయట నిలవదు. మూత ఉన్న గాజు తొట్టెలో, చల్లని గదిలో పెంచుకోవాలి. గాలిలో తేమ బాగా ఉండాలి, మట్టి మాత్రం గుల్లగా ఉండి నీళ్లు దిగిపోవాలి. కొబ్బరి పొట్టు, పెర్లైటు కలిపితే నయం. నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. కాండం ముక్క గుచ్చితే కొత్త మొక్క వస్తుంది.

నీలం తగ్గితే మొక్కకు జబ్బు చేసిందనుకుని ఎరువులు వేయకండి. వెలుగు ఎక్కువైతే ఆకు ఆ మెరుపును మానేసి, ఒట్టి ఆకుపచ్చకు తిరిగిపోతుంది. తొట్టెను కిటికీకి దూరంగా జరిపి, కొత్త చిగుళ్లు విచ్చుకునేదాకా ఆగండి. తర్వాత టార్చిని కంటి పక్కన పట్టుకుని ఆ లేత ఆకుల మీద వేసి చూడండి. నీలం తేలితే నీడ సరిపోయినట్టే.