చెయ్యెత్తిన రోబో ఎందుకు దించేస్తుంది?

ఝరాసంగం నుంచి వచ్చిన ఒక ఉత్తరం ఈ నెల నన్ను మరో పని చేసుకోనివ్వలేదు. కేతకీ సంగమేశ్వరస్వామి శివరాత్రి జాతరలో వాళ్లబ్బాయికి లారీగా మారే రోబో కొనిపెట్టారట. మొదట్లో కత్తి పట్టిన చెయ్యి ఎత్తితే ఎత్తినట్టే నిలిచేది. దసరా నాటికి వదిలిన మరుక్షణం వాలిపోతోంది. "చవకది కదా అని సరిపెట్టుకుందామంటే, మా బావమరిది అమెరికా నుంచి తెచ్చిన ఖరీదైన పెద్ద బొమ్మదీ ఇదే తంతు. ఎందుకండీ?" అని అడిగారు.

ఈ బొమ్మల పుట్టుక రెండు ముక్కల్లో చెప్పేస్తాను. జపాన్‌లో టకారా కంపెనీ డయాక్లోన్, మైక్రో చేంజ్ పేర్లతో అమ్మినవాటిని హాస్బ్రో తీసుకుని, 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్‌గా అమెరికా అంగళ్లకు తెచ్చింది. లారీ మడతలు విప్పుకుని మనిషిలా లేవడం చూసి అందరూ ముచ్చటపడతారు. నాకు మాత్రం అంతకన్నా వింత, ఎత్తిన చెయ్యి అక్కడే ఆగడం. మన తోలుబొమ్మకు మోచెయ్యి దారంతో వదులుగా కట్టి ఉంటుంది, దాన్ని నిలిపేది ఆటగాడి చేతిలోని పుల్ల. రోబోకు ఆ పుల్ల లేదు. ఉన్నదల్లా రాపిడి.

భుజం విప్పి చూడండి. ఒక చిన్న గుండు, దాన్ని పట్టుకున్న గిన్నె. గుండు గిన్నె లోపలి కొలతకన్నా వెంట్రుకవాసి పెద్దది. బలవంతంగా నొక్కితే గిన్నె సాగి లోపలికి రానిస్తుంది, ఆపైన నాలుగు వైపులా బిగించి పట్టుకుంటుంది. ఆ బిగింపు పుట్టించే రాపిడే చేతిని మోస్తుంది.

రాపిడి ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గర మహామహులే పొరబడ్డారు. నొక్కే బలాన్ని బట్టే రాపిడి ఉంటుంది, తగిలే వైశాల్యాన్ని బట్టి కాదని 1699లో అమోంటాన్స్ సరిగ్గానే చెప్పాడు. కారణం మాత్రం గరుకుదనమన్నాడు. కూలుంబ్ కూడా 1785లో ప్రధానంగా ఆ దారే పట్టాడు: ఒక తలంపై ఉన్న గుట్టలను రెండోది ఎక్కాలి, అదే రాపిడి అని. ఎక్కినది దిగాలి కదా! ఎక్కడానికి పెట్టిన శక్తి దిగేటప్పుడు తిరిగొస్తే ఇక నష్టమేదని 1804లో జాన్ లెస్లీ నిలదీశాడు. చివరకు కేంబ్రిడ్జ్‌లో బౌడెన్, టేబర్ 1950 నాటి తమ పుస్తకంలో ముడి విప్పారు. ఎంత నున్నటి తలాలైనా ఒకదానికొకటి నిజంగా తగిలేది సూక్ష్మమైన కొనల దగ్గరే. అక్కడ అవి అతుక్కుంటాయి. జరపాలంటే ఆ అతుకులు తెగాలి. గట్టిగా నొక్కితే కొనలు చదునై అతుకులు పెరుగుతాయి. అమోంటాన్స్ సూత్రం వెనకున్న రహస్యం ఇదే!

మరి ఏడాది తిరక్కుండానే బిగువు ఎందుకు పోయింది? అరుగుదల అనేస్తారు అందరూ. అది సగమే. ప్లాస్టిక్ అంటే పొడవాటి అణువుల గొలుసులు. సాగదీసి అలాగే ఉంచితే అవి మెల్లగా ఒకదాని పక్కనుంచి ఒకటి జారి, సాగిన ఆకారానికే అలవాటు పడతాయి. గిన్నె పట్టు సడలుతుంది. పెట్టె సీలు విప్పకుండా బీరువాలో దాచిన బొమ్మకూ ఇది తప్పదు, గుండు గిన్నెలోనే ఉంది కదా! వేడి తగిలితే ఆ జారుడు మరింత వేగం. ఝరాసంగం ఎండాకాలం సంగతి నేను చెప్పాలా?

ఇక బావమరిది తెచ్చిన పెద్ద బొమ్మ. కొలతలన్నీ రెట్టింపు చేస్తే చెయ్యి బరువు 8 రెట్లు, ఆ బరువు వేలాడే దూరం 2 రెట్లు. భుజాన్ని కిందికి తిప్పే బలం 16 రెట్లన్నమాట. కీలు ఆపగలిగే బలమో 8 రెట్లే పెరుగుతుంది. పెద్ద జంతువుల ఎముకలు అంత లావుగా ఎందుకుండాలో 1638లో గెలీలియో వేసిన లెక్కకు ఇది తోబుట్టువు. అందుకే 2013లో వచ్చిన రెండడుగుల మెట్రోప్లెక్స్ అనే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మకు ఉత్త రాపిడిని నమ్ముకోకుండా పళ్లున్న కీళ్లు పెట్టారు. తిప్పితే టకటకమంటాయి.

పెట్టె మీద ఎత్తు వేస్తారు, ఎన్ని మెట్లలో మారుతుందో వేస్తారు. భుజం ఎంత బరువు మోస్తుందో మాత్రం వెయ్యరు! కొనేముందు చెయ్యి పక్కకు చాపి, ఆయుధం పట్టించి చూడండి. ఇప్పటికే వదులైందా, నూనె జోలికి పోకండి, ఉన్న రాపిడీ పోతుంది. గుండు బయటికి తీసి రంగులేని గోళ్లరంగు పల్చగా ఒక పూత వెయ్యండి. పూర్తిగా ఆరాకే గిన్నెలో పెట్టండి, తడిమీద పెడితే ఆ చెయ్యి ఇక దిగదు.