రెండుకు రెండు, మూడుకు మూడు

1983లో రేడియో షాక్ అమ్మకానికి పెట్టిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100ను అమెరికా విలేకరులు చంకన పెట్టుకుని ఊళ్లు తిరిగారు. ఎనిమిది వరసల తెర, నాలుగు పెన్సిల్ సెల్లులు. తయారీ జపాన్ కంపెనీ క్యోసెరాది. తన చేత్తో ఎక్కువ కోడ్ రాసిన చివరి యంత్రం ఇదేనని బిల్ గేట్స్ చెప్పుకున్నారు. అందులో మిగిలిన ఫైళ్లను పీసీలోకి దించాలంటే వెనకున్న 25 పిన్నుల సీరియల్ పోర్టును పట్టుకోవాలి.

ఆ పోర్టు వంశం ఇంకా పాతది. 1960లో పుట్టిన ఆర్‌ఎస్-232 ప్రమాణం టెర్మినల్‌ను మోడెమ్‌కు కలపడానికి ఉద్దేశించినది. ఏ పిన్ను మీద ఎవరు మాట్లాడాలో, ఎవరు వినాలో ముందే ఖాయం. రెండు కంప్యూటర్లు ఎదురెదురుగా కూర్చుంటాయన్నది ఆ లెక్కలో లేదు. మోడల్ 100, పీసీ రెండూ టెర్మినల్ హోదాలోనే ఉంటాయి కాబట్టి ఉన్నదున్నట్టు కలిపితే, ఇద్దరూ మగపెళ్లివారే అయిన పెళ్లిలా ఉంటుంది. అందుకే ఒకరి మాట రెండోవారి చెవికి చేరేలా తీగలు మార్చి కడతారు. అదే నల్ మోడెమ్ కేబుల్.

తమాషా ఇక్కడే ఉంది. 25 పిన్నుల పోర్టులో 2 పంపేది, 3 అందుకునేది. 1984లో ఐబీఎం తన పీసీ ఏటీకి 9 పిన్నుల పోర్టు పెడుతూ 2ను అందుకునేదిగా, 3ను పంపేదిగా మార్చింది. దాంతో మన కేబుల్‌లో 2కు 2, 3కు 3 కలపాలి. చూడ్డానికి సూటిగా ఉన్నా, పనిలో ఇదే మార్పిడి. గ్రౌండ్ మాత్రం 7 నుంచి 5కు పోతుంది. ఈ మూడు తీగలతో మాట సాగుతుంది. కొన్ని ప్రోగ్రాములు మాత్రం ‘సిద్ధం’ అనే సైగ అందనిదే పెదవి విప్పవు. వాటి కోసం మోడల్ 100 వైపు 4ను పీసీ 8కి, 5ను 7కి, 6ను 4కి, 20ని 6, 1 రెండింటికీ కలిపితే సరి.

కనెక్టర్ వెనక వైపు చూస్తే కుడిఎడమలు తారుమారవుతాయి. ప్లాస్టిక్ మీద పిన్నుల పక్కనే సన్నగా అచ్చయిన అంకెలనే నమ్మాలి. పిన్ను వెనకున్న గుంటలో ముందు కాస్త సోల్డర్ కరిగించి, ఆపై తీగ మొన దించితే అతుకు గట్టిపడుతుంది. ప్రతి తీగకూ మల్టీమీటర్ బీప్ విన్నాకే మూత బిగించాలి. 9 పిన్నుల పోర్టు లేని పీసీకి యూఎస్‌బీ కన్వర్టర్ కొనేటప్పుడు జాగ్రత్త: ఆర్‌ఎస్-232లో 1 అంటే మైనస్ వోల్టేజి, 0 అంటే ప్లస్. 5 వోల్టుల లాజిక్ మీద నడిచే చిన్న కన్వర్టర్ బోర్డుకు ఈ కేబుల్ తగిలిస్తే అది కాలిపోవచ్చు.

మోడల్ 100లోని టెల్కామ్ ప్రోగ్రాంలో 88ఎన్1ఇ అని పెడితే వేగం సెకనుకు 9600 బిట్లు. ఒక్కో అక్షరానికి పది బిట్లు, అంటే సెకనుకు 960 అక్షరాలు. 32 కిలోబైట్ల జ్ఞాపకం మొత్తం నిండి ఉన్నా 35 సెకన్లలో దిగుతుంది. తప్పులు పట్టే ఏర్పాటు టెల్కామ్‌లో లేదు కనుక, ప్రతి ఫైలునూ రెండుసార్లు దించి పోల్చుకోవడం మేలు.