నొప్పి తెలియని పాదం: షుగరు ఉన్నవారి కాళ్ల సంరక్షణ



గత వేసవిలో మా వైద్య శిబిరానికి ఒక ఆటో డ్రైవరు వచ్చారు. వయసు యాభై దాటలేదు. పన్నెండేళ్లుగా షుగరు. కుడికాలి బొటనవేలి కింద పుండు ఉంది. ఎలా అయిందని అడిగితే ఆయనకే తెలియదు. "వుజూ చేసుకుంటుంటే నేల మీద రక్తం చూసి మా అమ్మాయి కేక వేసిందండీ. నాకైతే నొప్పే లేదు" అన్నారు. చెప్పు తిరగేసి చూస్తే, అడుగు నుంచి లోపలికి దిగిన చిన్న మేకు కనిపించింది. దాని మీదే ఆయన ఎన్ని రోజులు తిరిగారో! నొప్పి లేదు కదా అని రెండు వారాలు పసుపు రాసి ఊరుకున్నారు. చివరికి ఆసుపత్రిలో వేలు తీసేయక తప్పలేదు. మూడు నెలలు ఆటో కదల్లేదు, ఇద్దరు పిల్లల ఫీజులు ఆగిపోయాయి.

ఇలాంటి కుటుంబాలు మన బస్తీల్లో చాలా ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉంది. ఈ జబ్బు కాళ్లకు ఎలా చేటు చేస్తుందో, దాన్ని ఎలా ఆపుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాము.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే రెండు నష్టాలు జరుగుతాయి. ఒకటి, నరాలు దెబ్బతింటాయి. మొదట తిమ్మిర్లు, మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండడం; తర్వాత క్రమంగా స్పర్శ తగ్గిపోతుంది. చెమట పట్టించే నరాలు కూడా దెబ్బతినడంతో చర్మం ఎండి, మడమలు పగులుతాయి. రెండు, రక్తనాళాలు సన్నబడతాయి. కాలికి రక్తం సరిగా అందకపోతే గాయం మానదు, వేసుకున్న మందు కూడా అక్కడికి చేరదు. పైగా చక్కెర ఎక్కువగా ఉన్న ఒంట్లో చీము త్వరగా పడుతుంది. ఈ మూడూ కలిసినప్పుడు చిన్న పుండు కాలినే మింగేస్తుంది.

నొప్పి తెలియకపోవడం ఎంత ప్రమాదమో లోకానికి అర్థమయ్యేలా చెప్పిన వారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ముఖ్యులు. ఆయన 1946లో వెల్లూరు వచ్చి కుష్ఠు రోగులకు వైద్యం చేశారు. వారి పాదాలకు పుండ్లు పడటానికి మాంసం తనంతట తాను కుళ్లిపోవడం కారణం కాదని, స్పర్శ లేక పదే పదే దెబ్బలు తగలడమే కారణమని గ్రహించారు. మెత్తని రబ్బరు చెప్పులతో ఆ పుండ్లను నివారించవచ్చని చూపించారు. నేడు ఎం.సి.ఆర్. చెప్పులుగా దొరికేవి అలాంటివే. షుగరు రోగి పాదానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. నొప్పి హెచ్చరించదు కాబట్టి కళ్లు కాపలా కాయాలి.

ఈ కాపలాకు మనకు ఒక మంచి వీలు ఉంది. నమాజు చేసేవారు రోజుకు పలుమార్లు వుజూలో పాదాలు కడుగుతారు. వేళ్ల మధ్య ఖిలాల్ చేయడం సున్నత్. ఆ సమయంలోనే పాదాన్ని ఒకసారి పరిశీలించాలి. బొబ్బ, పగులు, ఎర్రదనం, వేళ్ల మధ్య తెల్లగా నానిన చర్మం ఏది ఉన్నా కనిపిస్తుంది. అరికాలు కనపడని పెద్దలు నేల మీద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు, లేదా ఇంట్లో పిల్లలను చూడమనవచ్చు. కడిగిన తర్వాత వేళ్ల సందులు పొడిబట్టతో తుడవడం చాలామంది మరిచిపోతారు. అక్కడ తడి నిలిస్తే ఫంగస్ పడుతుంది. మడమలకు కొబ్బరినూనో వ్యాజలీనో రాయండి, వేళ్ల మధ్య మాత్రం రాయకండి. గాయానికి నీళ్లు తగలకూడదని డాక్టరు చెబితే కట్టు మీద మసహ్ చేసే వెసులుబాటు ఉంది. ఆ పద్ధతి మీ ఇమాం సాహెబును అడిగి తెలుసుకోండి.

వేడితోనూ జాగ్రత్త. మన కర్నూలు ఎండలకు జుహర్ వేళ మస్జిద్ ఆవరణలోని బేతంచెర్ల నాపరాళ్లు పెనంలా కాలుతుంటాయి. స్పర్శ లేని కాలు ఆ వేడిని గుర్తించదు, బొబ్బలెక్కాకే తెలుస్తుంది. అలాంటివారు మందపాటి నూలు మేజోళ్లు వేసుకోవాలి. వుజూ ఖానా నుంచి లోపలి వరకు చాప పరిపించమని మస్జిద్ కమిటీలకు మా మనవి. చలికాలంలో వేడినీళ్లను కాలితో కాక మోచేతితో పరీక్షించాలి. హజ్, ఉమ్రాలకు వెళ్లేవారు భుజాన సంచిలో అదనపు జత చెప్పులు ఉంచుకోవాలి. చెప్పులు పోయాయని కాలే రోడ్డు మీద నడిస్తే ఆ ప్రయాణం ఆసుపత్రిలో ముగియవచ్చు.

రక్తప్రసరణ మెరుగుపడాలంటే మొట్టమొదట బీడీ, సిగరెట్టు, గుట్కా, జర్దా మానాలి. షుగరుతో పాటు బీపీ, కొలెస్ట్రాల్ అదుపులో ఉండాలి. పుండు లేనివారు రోజూ అరగంట నడవాలి. కూర్చున్న చోటే మడమలను గుండ్రంగా తిప్పడం, వేళ్లను ముడిచి చాపడం కూడా మంచిదే. కొంత దూరం నడిచేసరికి పిక్క పట్టేసి, ఆగితే తగ్గిపోతుంటే అది రక్తనాళం మూసుకుపోతున్న సూచన కావచ్చు. పాదం చల్లగా ఉండటం, రంగు మారటం కూడా అంతే. వెంటనే డాక్టరుకు చూపించండి. నూనెతో మర్దన చేస్తేనో కాపడం పెడితేనో పూడిన నాళం తెరుచుకోదు, కాపడం వల్ల కాలు కాలే ప్రమాదమే ఎక్కువ.

చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. వేసుకునే ముందు లోపల చేయి పెట్టి చూడండి. గోళ్లు నేరుగా కత్తిరించండి, మూలలు లోతుగా తీయకండి. ఆనెలను బ్లేడుతో కోయడం, మందుల షాపులో దొరికే కార్న్ పట్టీ అంటించడం వద్దు. పుండు పడితే, వాసన వస్తే, వేలు నల్లబడితే, జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గాయం లేకుండానే ఒక పాదం ఎర్రగా వాచి వేడిగా ఉంటే లోపల ఎముకలు దెబ్బతింటూ ఉండవచ్చు. ఆ కాలు మోపకుండా వెంటనే డాక్టరును కలవాలి.

షుగరు ఉన్న ప్రతివారూ ఏడాదికి ఒక్కసారైనా పాదాల పరీక్ష చేయించుకోవాలి. సన్నని నైలాన్ దారం పాదానికి తాకించి స్పర్శ చూస్తారు, వేళ్లతో పాదంలో నాడి చూస్తారు. నొప్పి ఉండదు, పది నిమిషాల పని.

దాతలారా, మీ సహాయం ఎక్కడ పనికొస్తుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. కాలు పోయిన కుటుంబానికి రేషన్ ఇవ్వడం మన బాధ్యతే. అయితే ఆ కాలు పోకముందే ఒక జత మెత్తని చెప్పులు, కట్టు కట్టడానికి గాజుగుడ్డ, పరీక్షకు ఆ నైలాన్ దారం అందిస్తే దానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. అర్హులైన పేదలకు జకాత్ సొమ్ముతోనూ, మిగతావారికి సదఖా ద్వారానూ ఈ సేవ విస్తరించాలని మా సంకల్పం. ఆ ఆటో డ్రైవరు ఇప్పుడు మళ్లీ ఆటో నడుపుతున్నారు. రాత్రి ఇంటికి రాగానే ఆయన రెండు చెప్పులూ తిరగేసి చూసేది ఆ అమ్మాయే.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించి, మనందరి అడుగులను క్షేమంగా ఉంచుగాక. ఆమీన్.