నొక్కులు తీయించిన జుట్టు: దాని సంరక్షణ

“జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే” అను సామెత శ్రోతలెల్లరకు తెలిసినదే. ఇందు కొప్పుకంటె ముందు చెప్పబడినది జుట్టు. జుట్టు నిలిచియున్ననే గదా కొప్పు మాట! ఉంగరాల జుట్టును, నొక్కుల జుట్టును మందులతో నిటారుగ సాగదీయించుకొను అలవాటు నేడు పట్టణములనుండి పల్లెలకు ప్రాకినది. స్మూతెనింగ్, స్ట్రెయిటెనింగ్, రీబాండింగ్, కెరాటిన్ అను పలు పేర్లతో బ్యూటీపార్లర్లలో జరుగు పని యిదియే. పెండ్లి కుదిరిన యింట చీరలతోను, నగలతోను పాటు దీని ఖర్చును గూడ లెక్క వ్రాసికొను కాలము వచ్చినది. చేయించుకొనిన పిమ్మట ఆ జుట్టు నెట్లు కాపాడుకొనవలెను? ఏ పనికి జంకవలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగ ముద్దేశము.

ముందుగా వెండ్రుక స్వరూపమును తెలిసికొందము. వెండ్రుకకు ప్రాణము చర్మములోపల నున్న కుదురునందే కలదు. చర్మము దాటి వెలికి వచ్చిన భాగము గోటివలె నిర్జీవ పదార్థము. అది కెరాటిన్ అను మాంసకృత్తుతో నేర్పడినది. పైన ఇంటి పెంకులవలె ఒకదానిపై నొకటి ఒదిగిన సన్నని పొలుసుల పొర యుండును. దాని లోపల పొడవైన పోగుల కట్ట యుండును. ఆ పోగులను పరస్పరము గట్టిగ పట్టియుంచునవి గంధకపు బంధములు. వెండ్రుక ఉంగరములు తిరుగునో, నిటారుగ సాగునో యనునది కుదురు ఆకారమును, పోగుల అమరికను బట్టి యుండును. చర్మముపై గాయమైనచో కొన్నినాళ్ళకు మానును. వెండ్రుకకు మానుట యనునది లేదు. ఈ యొక్క సంగతి మనసున నిలిచినచో తక్కిన జాగ్రత్తలన్నియు సులభముగ బోధపడును.

ఇక మందు చేయు పని యేమి? మన పార్లర్లలో స్మూతెనింగ్, రీబాండింగ్ అను పేర పూయు మందులలో సాధారణముగ థయోగ్లైకాలేటు అను లవణ ముండును. అది పొలుసులను పైకి లేపి లోపలికి చొచ్చుకొనిపోయి గంధకపు బంధములను విప్పును. విడివడిన పోగులను కాగిన పలకతో నిటారుగ నొత్తి, పిదప హైడ్రోజన్ పెరాక్సైడు గల రెండవ మందును పూసి, బంధములను క్రొత్త చోట్ల మరల ముడివేయింతురు. కాని విడిన ముళ్ళన్నియు మరల పడవు. అందుచేత ఎంత నేర్పుతో చేసినను ఆ వెండ్రుక మునుపటికంటె బలహీనమే. ఆఫ్రికాలోను, అమెరికాలోని నల్లజాతి స్త్రీలలోను వాడుకలోనున్న రిలాక్సర్లు ఇంకను తీవ్రమైనవి. వానిలో పెక్కింట కాస్టిక్ సోడా యుండును. మన తలచర్మపు పి.హెచ్. 5.5 ప్రాంతమున నుండగా, వాని పి.హెచ్. 12 మొదలు 14 వరకు నుండును. ఈ రెండు జాతుల మందులకు పొత్తు కుదరదు. ఒకటి పడిన జుట్టుపై రెండవది పూసినచో వెండ్రుక తునుగును. కావున తమ తలకు పూసిన మందు పేరును చేయించుకొనిననాడే అడిగి వ్రాసియుంచుకొనుట ప్రతి స్త్రీకిని అవసరము.

మందు ప్రభావము వెలికివచ్చిన జుట్టుకే గాని కుదురునకు కాదు. శ్రీశైలమునకో, తిరుమలకో పోయి తలనీలాలు సమర్పించి వచ్చినవారి తలపై మరల మొలచు జుట్టును చూచినచో ఇది తేటపడును. మందులతో ఎన్నిమార్లు సాగదీయించిన తలయైనను, క్రొత్త జుట్టు పుట్టుకతో వచ్చిన నొక్కులతోనే మొలచును. జుట్టు సుమారు నెలకొక సెంటీమీటరు చొప్పున పెరుగును. అనగా ఆరు మాసములైన పిదప తలమీద రెండు విధముల జుట్టుండును: మొదట ఆరు సెంటీమీటర్ల క్రొత్త నొక్కుల జుట్టు, దాని క్రింద సాగదీసిన పాత జుట్టు. ఈ రెండును కలియుచోటనే వెండ్రుకలు మిక్కిలిగ తెగును. దువ్వునపుడు ఎక్కువ మెలకువ చూపవలసినది అక్కడనే.

చేయించుకొనిన తరువాత రెండు మూడు దినములు తల తడుపవద్దని, ముడి వేయవద్దని, పిన్నులు గ్రుచ్చవద్దని పార్లరువారు చెప్పుదురు. ఏ మందునకు ఏ నియమము చెప్పిరో దానిని పాటించుట మేలు. అటుపిమ్మట వచ్చు మొదటి ప్రశ్న నీటిది. పెద్దదోర్నాల శ్రోతలకు ఇది మరింత ముఖ్యము. మార్కాపురమునుండియు, ఆత్మకూరునుండియు వచ్చు దారులు కలిసి శ్రీశైలమునకు నల్లమల నెక్కుచోట నున్నది ఆ యూరు. ప్రక్కనే పచ్చని అడవి యున్నను, ఆ ప్రాంతములోని పల్లెలకు బోరునీరే పెద్ద ఆధారము. ఈ సీమ ఫ్లోరైడు నీటికి పేరుపడినది. అందుచేత జుట్టు బిరుసెక్కినను, ఊడినను ఫ్లోరైడుపై నేరము మోపుట పరిపాటియైనది. ఫ్లోరైడు ముఖ్యముగ పండ్లను, ఎముకలను చెరచునది. స్నానపు నీటివలన జుట్టు బిరుసెక్కుటకు కారణము వేరు. అది నీటి కఠినత్వము, అనగా అందు కరగియున్న కాల్షియము, మెగ్నీషియము లవణములు. కాచిన గిన్నె అడుగున తెల్లని పొరగ పట్టునది ఆ సున్నమే. మందు పడిన జుట్టు పొలుసులు లేచి గుల్లబారి యుండును గనుక ఆ సున్నమును మామూలు జుట్టుకంటె ఎక్కువగ పట్టుకొనును.

నీటి కఠినత్వమును ఇంటనే తెలిసికొనవచ్చును. రెండు శుభ్రమైన సీసాలలో సగము సగము నీరు పోయవలెను: ఒకదాన బోరునీరు, రెండవదాన శుద్ధిచేసిన క్యాను నీరు. రెండింటను ఒకే పరిమాణమున స్నానపు సబ్బు గీరి వేసి, మూతపెట్టి గిలకొట్టవలెను. క్యాను నీటిలో నురుగు నిలుచును. కఠిన జలమున నురుగు చాలక, తెల్లని తెట్టు కట్టును. తలకు సబ్బు రుద్దినపుడు వెండ్రుకలపై పేరుకొనునది ఆ తెట్టే. కావున మందు పడిన తలకు సబ్బు పనికిరాదు. మృదువైన షాంపూను తలచర్మమునకు మాత్రము రుద్ది, దాని నురుగునే జుట్టు పొడవున జారవిడువవలెను. పిమ్మట కండిషనరును చివళ్ళకు పట్టించవలెను. తలంటికి కావలసిన నీరంతయు కొనుట కష్టమే. అయినను కడపట పోసికొను ఒకటి రెండు చెంబులు మాత్రము క్యాను నీరో, వాననీరో అయినచో చాలవరకు మేలు కలుగును. లీటరు మంచినీట ఒక చెంచాడు నిమ్మరసము కలిపి జుట్టుపై పోసి, వెంటనే మంచినీటితో కడిగికొనినచో పట్టిన సున్నము కొంత వదలును, లేచిన పొలుసులు అణగును. తలచర్మము మండుచున్నను, పుండ్లున్నను నిమ్మరసము తగులనీయరాదు.

కుంకుడుకాయ మాట అడుగువారు పెక్కుమంది. నల్లమల చెంచులు సేకరించు అడవి ఫలసాయములలో కుంకుడు కూడ నొకటి. కుంకుడు రసము స్వల్పముగ ఆమ్లగుణము గలది; కఠిన జలములో సబ్బువలె తెట్టు కట్టదు. ఈ రెండు గుణములును మందు పడిన జుట్టునకు అనుకూలములే. అయినను చిక్కని రసము జిడ్డునంతయు లాగివేసి జుట్టు నెండబెట్టును. కావున రసమును పలుచన చేసి, పిప్పి రేణువులు లేకుండ పలుచని గుడ్డతో వడగట్టి వాడవలెను. రేణువు చిక్కులో పడినచో దువ్వెన దెబ్బకు వెండ్రుక తెగును.

నూనె విషయమున పెద్దల మాటకు శాస్త్రము తోడు వచ్చినది. 2003లో ముంబయి పరిశోధకులు కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, ఖనిజ తైలమును జుట్టుపై పరీక్షించి పోల్చిరి. తలంటికి ముందైనను, తరువాతనైనను పట్టించినపుడు వెండ్రుకలోని మాంసకృత్తు కారిపోకుండ తగ్గించినది కొబ్బరినూనె యొక్కటే. వారు కొబ్బరినూనె అమ్ము సంస్థకు చెందినవారను సంగతియు చెప్పవలెను; అయినను దాని అణువు సన్ననిది, తిన్ననిది గనుక వెండ్రుకలోనికి ఇంకుననుట తర్కమునకు నిలుచు మాటయే. తలంటికి ముందు రాత్రి కొద్దిపాటి కొబ్బరినూనెను జుట్టు పొడవునకు పట్టించుట మంచిది. ఇంట సులభముగ దొరకు వైద్యమిదియే.

తడిసిన వెండ్రుక మిక్కిలి బలహీనము. తువాలుతో రుద్దక, నీటిని అద్ది తీయవలెను. పెద్దపండ్ల దువ్వెనతో ముందు చివళ్ళ చిక్కు విడదీసి, క్రమముగ పైకి రావలెను. పేలదువ్వెనను ఆ జుట్టున లాగరాదు. తడియారకముందు ముడి వేయరాదు. బిగించి అల్లిన జడయు, గట్టి రబ్బరుబ్యాండును వెండ్రుకను తుంచుటయే గాక కుదురును గూడ లాగును. పెండ్లినాటి పూలజడ బరువైనది. దానిని సాధ్యమైనంత త్వరగ విప్పి, తలకు విశ్రాంతి నీయవలెను. వేడి పలకయు, డ్రయ్యరును ఇక వలదు. వేడిచేతనే సాగిన జుట్టునకు మరల వేడి దేనికి? ఎండలో చేనికి పోవువారు తలకు గుడ్డ చుట్టుకొనుట జుట్టునకును రక్షయే.

గోరింటాకు పెట్టవచ్చునా? శుద్ధమైన గోరింటాకు అంత హాని చేయదు. అంగట అమ్ము నల్ల గోరింట పొడులలో రసాయన రంగులును, లోహ లవణములును కలిసియుండవచ్చును. లోహ లవణములు ముందో వెనుకో పడు మందుతో కలహించి జుట్టును కాల్చును. రంగు వేయుట, సాగదీయుట అను రెండును ఒకేమారు చేయించుకొనుటయు అట్టిదే.

క్రొత్త జుట్టు నొక్కులతో రాగానే మరల పార్లరునకు పరుగెత్తుదురు. అసలు నష్టము జరుగునది ఇచ్చటనే. రెండవమారు మందు క్రొత్తగ మొలచిన భాగమునకే పూయవలెను. పాత భాగముపై మరల పడినచో, మిగిలియున్న బంధములును విడిపోయి జుట్టు పిడికెళ్ళతో చేతికి వచ్చును. థయో మందులైనచో ఆరు మాసములకు లోపుగ తిరిగి పూయించుకొనకుండుట క్షేమము. మందు చర్మమును కాల్చి కుదురునే చెరచినచో అచ్చట మరల జుట్టు మొలవకపోవచ్చును. కాబట్టి మంటపుట్టిన క్షణముననే కడిగివేయుమని నోరు తెరచి చెప్పవలెను. “కొంచెము మండిననే పట్టును” అను మాట నమ్మదగినది కాదు.

జుట్టుకంటె పెద్ద సంగతి యొకటి కలదు. అది ప్రాణారోగ్యము. కెరాటిన్ అను పేర చేయు కొన్ని చికిత్సలలో ఫార్మాల్డిహైడును, లేక వేడి తగిలినపుడు దానిని విడుదలచేయు పదార్థములును ఉండును. ఫార్మాల్డిహైడు మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చినది. ఆ పదార్థము లేదని డబ్బాపై వ్రాసియున్న కొన్ని మందులలో సైతము అది కలదని అమెరికా అధికారులు 2011లో హెచ్చరించిరి. 2022లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశీలనలో 33,497 మంది స్త్రీలను దాదాపు 11 సంవత్సరములు గమనించిరి. డెబ్బది యేండ్ల వయసు వచ్చులోపల గర్భాశయ క్యాన్సరు వచ్చు అవకాశము, జుట్టు సాగదీయు మందులను ఎన్నడు వాడనివారిలో నూటికి 1.64 కాగా, తరచుగ వాడినవారిలో 4.05 అని లెక్కకట్టిరి. ఇది మందే కారణమని రుజువు చేసిన పరిశీలన కాదు. కాని అలక్ష్యము చేయదగినదియు కాదు. ఫార్మాల్డిహైడునకు బదులుగ వచ్చిన గ్లైఆక్సిలిక్ ఆమ్లము సంగతి చూతము. జుట్టు సాగదీయించుకొనిన ప్రతిమారును మూత్రపిండములు దెబ్బతిన్న 26 ఏండ్ల యువతి ఉదంతమును 2024లో ఫ్రాన్సు వైద్యులు వెల్లడించిరి. మూడుమార్లు చేయించుకొనగా మూడుమార్లు అట్లే జరిగినది.

కావున కన్నులు మండి, గొంతు పట్టుకొను పొగ వచ్చు గదిలో కూర్చుండరాదు. గర్భిణులును, పాలిచ్చు తల్లులును ఈ మందులకు దూరముగ నుండుట మేలు. చేయించుకొనినవారు సంవత్సరమున కొకటి రెండు మార్లు ఆ గాలి పీల్చుదురు. పార్లరులో పనిచేయు ఆడపిల్ల ప్రతిదినము పీల్చును. కిటికీలు తెరచియుంచుట, ఫ్యాను గాలి వెలుపలికి పోవునట్లు అమర్చుట, చేతితొడుగులు వేసికొనుట ఆమె హక్కు. ఈ మాట అచ్చట డబ్బు చెల్లించు మన నోటినుండి వచ్చినచో వెంటనే చెల్లును.

చివరగా ఒక భేదము. దువ్వెనకు వచ్చిన వెండ్రుక మొదట తెల్లని చిన్న ఉండ యున్నచో అది కుదురునుండి ఊడినది. దినమునకు 50 మొదలు 100 వరకు అట్లు ఊడుట సహజము. ఉండ లేక పొట్టి ముక్కగ వచ్చినచో అది తెగినది. దోషము మందుదో, దువ్వెనదో. ఊడుట మితిమీరినచో మాత్రము నూనెలు మార్చుచు కాలము గడపరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. జుట్టు ఊడుటకు రక్తమున ఇనుము తగ్గుట యొక కారణము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయించుకొని, పప్పు, గ్రుడ్డు, ఆకుకూరలు, వేరుసెనగ పుష్కలముగ తినుట ఏ చికిత్సకైనను ముందు చేయవలసిన పని.

మందు పడిన జుట్టును తిరిగి మునుపటివలె చేయు ఔషధము లేదు. ఉన్నదానిని తెగకుండ కాపాడుకొనుచు, చీలిన చివళ్ళను రెండు మూడు మాసముల కొకమారు కత్తిరించుకొనుచు వచ్చినచో, కుదురునుండి వచ్చు క్రొత్త జుట్టు నెలకొక సెంటీమీటరు చొప్పున ఆ లోటును తానే పూడ్చును. అది నొక్కులతో వచ్చినచో వచ్చుగాక. ఆ నొక్కులు రోగము కావు. వానికి మందు పూయించి తీరవలెనను నియమమును లేదు. పూయించుకొనగోరు బిడ్డకు, పెండ్లి దినము దగ్గరపడకముందే, ఇంటివారు ఈ సంగతులన్నియు తెలియజెప్పుదురు గాక.