ఇంట్లో ఆగంతకుడు.. తల్లి మాట నమ్మేదెవరు?

బయట మంచు తుపాను. జనావాసాలకు దూరంగా ఉన్న పాతకాలపు ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలతో ఒంటరిగా ఉన్న తల్లికి రాత్రివేళ మెట్లపై అడుగుల చప్పుడు వినిపిస్తుంది. అమెరికా రచయిత్రి ట్రేసీ సియెర్రా తొలి నవల ‘నైట్‌వాచింగ్’ మొదలయ్యే సన్నివేశమిది. 2024లో వెలువడిన ఈ నవల, ప్రముఖ టెలివిజన్ వ్యాఖ్యాత జిమ్మీ ఫాలన్ పుస్తక బృందానికి ఆ ఏడాది వేసవి పఠనంగా ఎంపికై విస్తృత ప్రచారం పొందింది.

పిల్లలను తీసుకుని ఆ తల్లి గోడ వెనుక ఉన్న రహస్య అరలో దాక్కుంటుంది. ఇది కేవలం కథ కోసం కల్పించిన సౌకర్యం కాదు. అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్‌లో వలసపాలన కాలపు ఇళ్లను చాలావరకు నడుమ ఒక భారీ పొగగొట్టం నిర్మించి, దాని చుట్టూ గదులు వచ్చేలా కట్టేవారు. పొగగొట్టానికీ గోడలకూ మధ్య మిగిలిన ఖాళీలు అరలుగా ఉపయోగపడేవి. వృత్తిరీత్యా న్యాయవాది అయిన రచయిత్రి నివసించేదీ రహస్య గది ఉన్న అటువంటి పాత ఇంట్లోనే.

ఆ ఇరుకు చీకటిలో పిల్లలను నిశ్శబ్దంగా ఉంచడమే ఒక యుద్ధం. అక్కడే ఉండిపోవాలా, లేక పిల్లలను దాచి ఉంచి మంచులో పరుగెత్తి సాయం తేవాలా? ఏది ఎంచుకున్నా బిడ్డలను పోగొట్టుకునే ప్రమాదం ఉంది. నవలలో అత్యంత బలమైన భాగం ఇదే. నడుమ వచ్చే గతం తాలూకు ఘట్టాలు కొన్ని చోట్ల కథ వేగాన్ని తగ్గించిన మాట వాస్తవమే గానీ, ఆమె స్వభావం తెలియాలంటే అవి అవసరం.

ఆమె మొదటి నుంచీ భయస్తురాలు. భర్త లేడు, మామగారికి ఆమెపై సదభిప్రాయం లేదు. ఏ చిన్న శబ్దానికైనా ఉలిక్కిపడే ఆ గుణమే ఆ రాత్రి ఆమెను సకాలంలో అప్రమత్తం చేస్తుంది. తరువాత పోలీసుల ముందు అదే గుణం ఆమెకు ప్రతికూల సాక్ష్యంగా మారుతుంది. నిజంగా ఎవరైనా వచ్చారా, లేక అంతా ఆమె భ్రమా అన్న అనుమానం విచారణను కమ్ముకుంటుంది.

స్త్రీ చూసినదాన్నే ఆమె శంకించేలా చేయడం సాహిత్యానికి కొత్త కాదు. ప్యాట్రిక్ హామిల్టన్ 1938 నాటి నాటకం ‘గ్యాస్ లైట్’లో భర్త అటకపై రహస్యంగా దీపం వెలిగించిన ప్రతిసారీ కింది గదిలో వెలుతురు తగ్గుతుంది, భార్యకు మాత్రం మతి చలిస్తోందని నమ్మబలుకుతాడు. ‘గ్యాస్‌లైటింగ్’ అనే మాట అక్కడి నుంచే పుట్టింది. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు 2022 సంవత్సరపు పదంగా దానినే ప్రకటించింది. సియెర్రా నవలలో ఆ పని చేసేది ఒక్క భర్త కాదు. పోలీసు అధికారి, బంధువు, చివరకు ఆమె మనసు కూడా.

ఆగంతకుడు ఎవరన్నది ఇక్కడ చెబితే చదవబోయేవారికి అన్యాయమే అవుతుంది. ఒక్క విషయం మాత్రం మొదటి పుటల్లోనే గమనించవచ్చు: రచయిత్రి ఆ తల్లికి గానీ, పిల్లలకు గానీ పేర్లు పెట్టలేదు.